ధైర్యం చెప్పడం వేరు, తోడు వెళ్లడం వేరు: తిరువళ్లూరు, తిరుత్తణి సంఘాలకు ఒక భూమి కథ

మన ప్రార్థన కూటాల్లో ఎవరైనా కష్టం చెప్పుకుంటే వెంటనే వినిపించే మాట ఒకటుంది: ‘ధైర్యంగా ఉండండి, దేవుడు చూసుకుంటాడు.’ మాట మంచిదే. కానీ విన్న మనిషి ఇంటికి చేరేసరికి అప్పిచ్చినవాడు గుమ్మంలోనే కూర్చుని ఉంటాడు. తాలూకా ఆఫీసులో పెట్టిన అర్జీ కదలకుండా పడి ఉంటుంది. ఆ మనిషికి కావలసిన ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? తోటి విశ్వాసిని బలపరచడం అంటే ఏం చేయడం? ఈ ప్రశ్నకు మనం నివసిస్తున్న ఈ జిల్లా చరిత్రలోనే ఒక జవాబు ఉంది. 130 ఏళ్ల కిందటిది. మన సంఘాల్లో చాలామంది వినలేదు కాబట్టి ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందుగా బర్నబా సంగతి. అసలు పేరు యోసేపు, కుప్ర దీవిలో పుట్టిన లేవీయుడు. బర్నబా అనేది అపొస్తలులు పెట్టిన పేరు. మన పాత తెలుగు బైబిలు ఆ పేరుకు ‘హెచ్చరిక పుత్రుడు’ అని అర్థం చెబుతుంది. ఇప్పటి పిల్లలకు హెచ్చరిక అంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ పక్కన రాసే మాట. ఆ అనువాదం చేసిన తరం తెలుగులో ఆ మాటకు మేలుకొలపడం, ధైర్యం చెప్పడం అనే అర్థం కూడా ఉండేది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఇతను మొదటిసారి కనిపించినప్పుడు ప్రసంగం ఏమీ చేయడు. తనకున్న పొలం అమ్మి, డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెడతాడు. 9వ అధ్యాయంలో, సౌలు పేరు వింటేనే యెరూషలేములోని శిష్యులు భయపడుతుంటే, అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి అపొస్తలుల ముందు పూచీ పడతాడు. సౌలు మారింది అబద్ధమైతే ముందుగా చిక్కుల్లో పడేది బర్నబాయే. 11వ అధ్యాయంలో తార్సు దాకా వెళ్లి సౌలును వెతికి తెస్తాడు, తర్వాత కరువు సాయం మోసుకుని యూదయకు వెళతాడు. ఒక పొలం, ఒక పూచీ, రెండు ప్రయాణాలు. ఇంతమందికి ధైర్యం ఇచ్చినవాడి చిట్టా ఇది.

ఇక మన జిల్లాకు వద్దాం. తిరువళ్లూరులో గౌడీ హయ్యర్ సెకండరీ స్కూల్ తెలియనివారు ఉండరు. ఆ గౌడీ ఎవరు అంటే మాత్రం చాలామంది చెప్పలేరు. విలియం గౌడీ స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్‌లాండ్ దీవుల మనిషి, వెస్లియన్ మెథడిస్ట్ మిషనరీ. 19వ శతాబ్దం చివరి సంవత్సరాల్లో తిరువళ్లూరు, పక్కనే ఉన్న ఇక్కాడు ప్రాంతంలో పనిచేశాడు. ఆయన దగ్గరికి వచ్చినవారిలో ఎక్కువమంది అప్పట్లో పంచములని పిలిచిన భూమిలేని కూలీలు. తిరువళ్లూరు అప్పుడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాలో మిరాసీ పద్ధతి ఉండేది. అది ఎలా నడిచేదో కొంచెం తెలుసుకుంటే తప్ప ఆ కూలీల ధైర్యం ఎంతటిదో అర్థం కాదు.

ఊళ్లో సాగులో లేని ప్రభుత్వ బంజరు భూమి ఉంటే ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని కాగితం మీద ఉండేది. కానీ ఒక పంచముడు దరఖాస్తు పెడితే, ఆ ఊరి మిరాసీదారుకు ‘ఆ భూమి నాకు కావాలి’ అని ముందుగా తీసుకునే హక్కు ఉండేది. నిన్నటిదాకా ముళ్లకంపలు పెరిగిన నేల మీద మిరాసీదారుకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చేది. ఇది ఒక చిక్కు. రెండోది ఇంకా గట్టిది. కూలీ గుడిసె ఉన్న స్థలం కూడా చాలా చోట్ల యజమానిదే, లేదా యజమాని నాదనగలిగినదే. పాలేరు తన యజమాని మీద అర్జీ పెట్టిన రోజునే అతని భార్యాపిల్లలు నిలువ నీడ లేకుండా వీధిలో పడవచ్చు. పశువులు వెళ్లే దారి మూయవచ్చు, పని ఇవ్వకపోవచ్చు, దొంగతనం కేసు పెట్టించవచ్చు. అరెకరం కోసం అడగడమంటే ఉన్న గుడిసెను పందెం పెట్టడం అన్నమాట.

1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ ఈ పరిస్థితి మీద ప్రభుత్వానికి ఒక నివేదిక రాశాడు. కూలీల దరిద్రానికి వారి సోమరితనమో తాగుడో కారణమని పెద్దలు చెబుతూ వచ్చిన రోజుల్లో, భూమి, ఇంటి స్థలం వారి చేతికి రాకుండా చేస్తున్న ఏర్పాట్లను ఆయన పేరు పెట్టి చూపించాడు. ఆయన అడిగినవన్నీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా 1892 సెప్టెంబర్ 30న మద్రాసు ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుల వల్ల, బంజరు భూముల్లో కొంత పంచములకే కేటాయించే పద్ధతి మొదలైంది. మొదటి 10 ఏళ్లు అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా ఆ వర్గాల వారికే అమ్మాలి అని షరతు. తమిళనాడులో ‘పంచమి భూమి’, ‘డి.సి. భూమి’ అనే మాటలు అక్కడి నుంచే వచ్చాయి.

కలెక్టర్ రాశాడు, ప్రభుత్వం ఇచ్చింది అని పాఠం ముగిస్తే సగం కథే అవుతుంది. కాగితం మీద వచ్చినదాన్ని ఊళ్లో అడగాలి. అడిగేవారికి తోడు ఎవరు? ఇక్కడే గౌడీ, చెంగల్పట్టులో ఉన్న స్కాట్లాండ్ ఫ్రీ చర్చి మిషనరీ ఆడమ్ ఆండ్రూ వంటివారు కనబడతారు. గౌడీ 1894లో ‘హార్వెస్ట్ ఫీల్డ్’ అనే మిషన్ పత్రికలో పంచములకూ భూమికీ సంబంధించిన సమస్య మీదే ఒక వ్యాసం రాశాడు. ప్రసంగాల గురించి, బాప్తిస్మాల లెక్కల గురించి రాసే పత్రికలో దరఖాస్తుల గురించి రాయడం అప్పటికి చిన్న విషయం కాదు. మిషనరీలు కూలీల అర్జీలు రాసిపెట్టారు, ఆఫీసులకు వెళ్లారు. ‘మా మనుషులను మా మీదికి ఎగదోస్తున్నారు’ అని భూస్వాములు ఫిర్యాదు చేశారు.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఈ కథ చెప్పేటప్పుడు దొరగారినే హీరోని చేయడం మనకు అలవాటు. గౌడీకి పోయేదేముంది? మహా అయితే పై అధికారుల దగ్గర మాట పడతాడు. తెల్ల తోలు, ఆ రోజుల్లో దానికుండే పరపతి ఆయనకు కవచం. అర్జీ మీద వేలిముద్ర వేసిన మనిషికి అదేమీ లేదు. ఆ వేలిముద్ర వేసినవారి పేర్లు మన సంఘ చరిత్ర పుస్తకాల్లో ఎన్ని ఉన్నాయి? వారి పక్కనే చేరిలో కాపురముండి, రాత్రి బడి నడిపి, అర్జీ చదివి వినిపించిన ఉపదేశకులు, ఇల్లిల్లూ తిరిగిన బైబిల్ స్త్రీలు ఎందరో ఉన్నారు. వారికీ గుడిసె చేరిలోనే, దెబ్బలు తగిలితే వారికే. ఒకరు అడిగి బతికి బయటపడితే పక్క ఊళ్లో ఇంకొకరికి అడగాలనిపించేది. విశ్వాసం ఆ రకంగానే పాకింది.

తిరుత్తణి వైపు కథ కొంచెం వేరు. అది కార్వేటినగరం జమీందారీలోది. జమీందారీ ఊళ్లలో బంజరు ప్రభుత్వం చేతిలో ఉండదు కాబట్టి, చెంగల్పట్టులో లాగా డి.సి. పట్టా అడిగే దారి అక్కడ లేదు. జమీందారీల రద్దు దాకా ఆగాల్సిందే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులోకి వెళ్లింది. పటాస్కర్ తీర్పు ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అదే రోజు సత్యవేడు అటువైపు ఆంధ్రకు వెళ్లింది. 1997లో తిరువళ్లూరు జిల్లా ఏర్పడ్డాక ఈ రెండు చరిత్రలూ ఒకే కలెక్టర్ ఆఫీసు కిందికి వచ్చాయి. కాబట్టి తిరువళ్లూరు బంధువుకు పనికొచ్చిన భూమి సలహా తిరుత్తణి పక్క ఊళ్లో అలాగే పనికిరాకపోవచ్చు. సాయం చేయబోయేవారు ముందు ఈ తేడా తెలుసుకోవాలి.

తిరుత్తణి అనగానే గుర్తొచ్చే తెలుగువారు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888 సెప్టెంబర్ 5న అక్కడ పుట్టి, 1896 నుంచి 1900 దాకా తిరుపతిలో జర్మన్ లూథరన్లు నడిపిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ స్కూల్లో చదువుకున్నారు. తర్వాత వేలూరు ఊరీస్ కాలేజీ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. హిందూ మతం మీద మిషనరీలు చేసిన విమర్శలే తనను వేదాంతం లోతుగా చదివేలా చేశాయని ఆయన తర్వాత చెప్పారు. ఇది విని మనలో కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనక్కర్లేదని మేము అంటాము. బడి పెట్టారు, చదువు చెప్పారు, చదువుకున్న పిల్లవాడు తనకు నచ్చిన దారిలో వెళ్లాడు. ఇచ్చిన చదువును తిరిగి అడగలేదు. ఇష్టపూర్వకమైన సేవ అంటే అదే కదా.

‘సాయం పేరుతో మతం మారుస్తున్నారు’ అనే మాట ఈరోజు ఎక్కువగా వినబడుతోంది కాబట్టి, ఒంగోలు ఉదాహరణ కూడా చెప్పాలి. 1876–78 నాటి గొప్ప కరువులో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చాడు. మన జిల్లాలో పులికాట్, ఎన్నూరు మీదుగా సాగేది కూడా ఆ కాలువే. సాయం నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చినవారెవరో, నమ్మి వచ్చినవారెవరో తేలాలని. పని అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యనే మనవాళ్లు ఎక్కువగా చెప్పుకుంటారు. మాకు మాత్రం అంతకు ముందు బాప్తిస్మాలు ఆపిన ఆ నెలలు ఇంకా ముఖ్యంగా కనిపిస్తాయి. అన్నం పెట్టే చేతికి షరతు లేదని ఊరంతటికీ తెలిసింది అప్పుడే.

దొరల ఉదాహరణలే ఎందుకంటారేమో. తిరునెల్వేలి తమిళుడు వి.ఎస్. అజరయ్యను చూడండి. తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. దాని తరఫున ఆయన 1909లో కుటుంబంతో సహా తెలుగు దేశంలోని దోర్నకల్‌కు వెళ్లి, 30 ఏళ్లు దాటిన వయసులో తెలుగు నేర్చుకుని, పల్లె పల్లెకూ తిరిగాడు. 1912 డిసెంబర్‌లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయేదాకా తెలుగు పేదల మధ్యనే ఉన్నాడు. తమిళులు మన భాష నేర్చుకుని మనకు పరిచర్య చేశారు. తమిళనాట ఉన్న తెలుగు సంఘాలు ‘మేము తక్కువమంది, మాకే ఎవరైనా సాయం చేయాలి’ అని కూర్చునేటప్పుడు ఈ మాట గుర్తు చేసుకోవడం న్యాయం.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వద్దాం. 1892 ఉత్తర్వుల తర్వాత రాష్ట్రంలో పంచమి భూమిగా ఇచ్చినది సుమారు 12 లక్షల ఎకరాలని భూ హక్కుల ఉద్యమాలు చెబుతాయి. అందులో చాలా భాగం ఇప్పుడు ఇతరుల చేతుల్లో ఉందన్నది వారి ఫిర్యాదు. 1994 అక్టోబర్‌లో చెంగల్పట్టులో, కారణై గ్రామ పంచమి భూముల కోసం జరిగిన ఆందోళన మీద పోలీసు కాల్పులు జరిగాయి. జాన్ థామస్, ఏళుమలై అనే ఇద్దరు చనిపోయారు. ఒకరిది క్రైస్తవ పేరు, ఒకరిది హిందూ పేరు. ఆ భూమి అడగడానికి వాళ్లు ఒకే వరసలో నిలబడ్డారు.

మన ఇళ్లలోనే ఇంకో భయం ఉంది, దాన్ని పైకి ఎవరూ చెప్పరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవారికే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గానీ క్రైస్తవులను చేర్చలేదు. తమిళనాడులో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని బీసీలుగా లెక్కిస్తారు. 2022లో కేంద్రం ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒక కేసులో, క్రైస్తవ విశ్వాసం పాటిస్తూ ఉద్యోగం కోసం మాత్రమే ఎస్సీ సర్టిఫికెట్ అడగడం కుదరదని చెప్పింది. దీనివల్ల ఒక తల్లి తన కొడుకు కాలేజీ సీటుకూ తన బాప్తిస్మానికీ మధ్య నలిగిపోతోంది. ఆదివారం గుడికి రావడం మానేసిన కుటుంబాన్ని ‘విశ్వాసంలో చల్లారిపోయారు’ అని మనం తేల్చేస్తాం. వాళ్ల ఇంటికి వెళ్లి, పిల్లవాడి ఫీజు సంగతేమిటి, బీసీ కింద ఏ స్కాలర్‌షిప్‌లు వస్తాయి, మైనారిటీ సంస్థల కాలేజీల్లో ఏ సీట్లు ఉన్నాయి అని ఎంతమంది అడిగాం? ఆ ఫీజులో ఒక వంతు సంఘం కట్టగలిగితే, ఆ తల్లి తన విశ్వాసాన్ని దాచుకోవాల్సిన అవసరం కొంతైనా తగ్గుతుంది. దశమభాగాల్లో కొంత దీనికి పక్కన పెట్టాలన్నది మా గట్టి అభిప్రాయం. గుడికి మూడో అంతస్తు తర్వాత వేసుకోవచ్చు.

ఈ జిల్లా ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో అప్పు తీర్చడానికి కట్టుబడి పనిచేసే ఇరుళర్ కుటుంబాలను అధికారులు విడిపించిన వార్తలు మీరూ చదివే ఉంటారు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి అప్పు చెల్లదు, తీర్చనక్కర్లేదు. విడుదల పత్రం ఇచ్చే అధికారం జిల్లా యంత్రాంగానిది. తిరువళ్లూరులోనూ తిరుత్తణిలోనూ ఆర్డీవో ఆఫీసులున్నాయి. బయటపడ్డ కుటుంబానికి మొదటి వారం బియ్యం, ఆధార్, రేషన్ కార్డు, పిల్లలకు బడి కావాలి. ఇవి చేయడానికి వేదాంత డిగ్రీ అక్కర్లేదు. వాళ్లు క్రైస్తవులా కాదా అని అడగనూ అక్కర్లేదు.

చివరగా మన తెలుగు అక్షరం గురించి. తిరుత్తణి, పళ్లిపట్టు వైపు 1960కి ముందు బడికి వెళ్లిన పెద్దలు తెలుగులో చదువుకున్నారు. అప్పటి దస్తావేజులు, భాగపరిష్కార పత్రాలు చాలా ఇళ్లలో తెలుగులోనే ఉన్నాయి. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తర్వాత మన పిల్లల బడి చదువు తమిళం వైపు నడిచింది. తమిళం రావడం మంచిదే, ఈ నేల మీద బతకాలంటే అది కావాలి. కానీ ఇప్పుడు తాత దస్తావేజు మనవడు చదవలేడు, తమిళ నోటీసు తాత చదవలేడు. ఇద్దరి మధ్యలో దళారి ప్రవేశిస్తాడు. సండే స్కూల్లో తెలుగు అక్షరాలు నేర్పడం కీర్తనల కోసమే అనుకుంటున్నాం, అది పట్టా కోసం కూడా. రెండు లిపులూ చదవగలిగిన అక్కయ్య ఒక్కరు సంఘంలో ఉంటే, ఆరాధన అయ్యాక అరగంట కూర్చుని ఎవరి కాగితం వారికి చదివి చెప్పవచ్చు.

కాగితం చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఇప్పటి కంప్యూటర్ పట్టా, చిట్టా మాత్రమే చూసి ఆగవద్దు. పాత సెటిల్‌మెంట్ ‘ఎ’ రిజిస్టర్ నకలు తీసుకుని, ఆ సర్వే నంబరు ఎదురుగా ‘డి.సి.’ అని ఉందేమో చూడండి. 1980లలో రికార్డులు సవరించినప్పుడు ఆ గుర్తు కొన్ని చోట్ల మాయమైందని భూమి పోరాటాల్లో ఉన్నవారు చెబుతారు. నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. విల్లంగం సర్టిఫికెట్ కూడా తీయించండి. సాధారణంగా మే, జూన్ నెలల్లో ప్రతి తాలూకా ఆఫీసులో జమాబందీ జరుగుతుంది, పట్టా అర్జీలు అక్కడ నేరుగా ఇవ్వవచ్చు. సోమవారం కలెక్టర్ ఆఫీసులో ప్రజా వినతుల రోజు ఉంటుంది. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోవాలి. వితంతువులు, ముసలివారు ఒంటరిగా వెళితే రసీదు లేకుండానే వెనక్కి పంపేస్తారు, కాబట్టి సంఘం నుంచి ఇద్దరైనా వారితో పాటు వెళ్లి, క్యూలో చివరిదాకా నిలబడాలి.